ఆగస్టు ఉక్కలో మొదటి మారథాన్: 20 వారాల కేస్ స్టడీ

38 ఏళ్ల మహిళ, బ్యాంకు ఉద్యోగి. ఎత్తు 158 సెం.మీ., బరువు 62 కిలోలు, శాకాహారి. రెండేళ్లుగా పరిగెడుతున్నారు. 10 కి.మీ. 64 నిమిషాల్లో, హాఫ్ మారథాన్ (21.1 కి.మీ.) 2 గంటల 24 నిమిషాల్లో పూర్తిచేశారు. రెండూ డిసెంబరు చలిలో చేసినవే. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కు (42.2 కి.మీ.) పేరిచ్చి, 5 గంటల్లోపు ముగించాలన్న లక్ష్యంతో ఏప్రిల్ రెండో వారంలో శిక్షణ కోసం మా దగ్గరికి వచ్చారు. రేసుకు 20 వారాలుంది. అప్పటికి వారానికి 25 కి.మీ. పరుగు నడుస్తోంది.

మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాం. మొదటి మారథాన్ వాళ్లలో పదేపదే ఎదురయ్యే ఒకటి రెండు ఇబ్బందులను కూడా ఈ కేసులోనే కలిపి రాశాం.

5 గంటలు ఎక్కడినుంచి వచ్చాయి

చాలామంది వాడే రీగల్ సూత్రం ఇది: తెలిసిన టైమును, రెండు దూరాల నిష్పత్తికి 1.06 ఘాతం వేసి వచ్చిన సంఖ్యతో గుణించాలి. హాఫ్ నుంచి ఫుల్‌కు ఆ సంఖ్య సుమారు 2.085. ఆమె హాఫ్ టైము 144 నిమిషాలు కాబట్టి 300 నిమిషాలు, అంటే సరిగ్గా 5 గంటలు. లెక్కలో తప్పులేదు. కాకపోతే అది డిసెంబరు తెల్లవారుజాముకు సరిపోయే లెక్క. పైగా ఫుల్‌కు తగ్గ శిక్షణ ఒంట్లో అప్పటికే ఉందని అనుకుని వేసేది. వారానికి 25 కి.మీ. పరిగెత్తే మనిషికి ఈ సూత్రం ఎప్పుడూ ఆశలు కాస్త ఎక్కువే పెడుతుంది.

ఆగస్టు చివర హైదరాబాద్‌లో తెల్లవారుజామున 22–24 డిగ్రీలుంటుంది. వింటే చల్లగానే అనిపిస్తుంది. కానీ గాలిలో తేమ 90 శాతం దగ్గర తిరుగుతుంటుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరకుండా కారిపోతే నీళ్లు, ఉప్పు పోవడమే తప్ప వేడి దిగదు. అప్పుడు గుండె చర్మానికీ కండరాలకూ రెండింటికీ రక్తం పంపాల్సి వస్తుంది. వేగం మారకపోయినా హార్ట్ రేటు గంట గంటకూ పెరుగుతుంది. దీనికి తోడు రూటు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర చదునుగా మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ, జూబ్లీహిల్స్ ఎత్తులు దాటి గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. ఏటా కొద్దిపాటి మార్పులుంటాయి కాబట్టి ఆ ఏడాది మ్యాపు చూసుకోవాల్సిందే. ఎక్కుడులో పోగొట్టుకున్న టైము దిగుడులో పూర్తిగా తిరిగిరాదు. దిగుడు తొడల ముందు కండరాలను నలగ్గొడుతుంది, ఆ దెబ్బ 30 కి.మీ. దాటాక తెలుస్తుంది.

అందుకని 5 గంటలను పక్కన పెట్టి మూడు లక్ష్యాలు రాసుకున్నాం. వాతావరణం అనుకూలిస్తే 5:20, మామూలుగా ఉంటే 5:40, ఏదీ కుదరకపోతే నడిచైనా కటాఫ్ (నిర్వాహకులు పెట్టిన గడువు) లోపు పూర్తి. ఆమెకిది నచ్చలేదు. నచ్చకపోవడం సహజం. కానీ ఈ కేసులో తర్వాత వచ్చిన తిప్పలన్నిటికీ మూలం ఒకటే: ఆ రోజు ఒళ్లు మోయగలిగినదానికంటే కొంచెం ఎక్కువ వేగం.

మొదటి పరీక్షలు

బీపీ, ఈసీజీ మామూలుగా ఉన్నాయి. కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లు లేవు, పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం లేవు. ఇవి ఉంటే ట్రెడ్‌మిల్ పరీక్ష, కార్డియాలజిస్టు మాట లేకుండా ముందుకు వెళ్లనివ్వం.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 11.6. మహిళలకు 12 కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క. ఫెరిటిన్ 13. అది 15 కంటే తగ్గిందంటే ఇనుము నిల్వలు అడుగంటినట్టే. విటమిన్ డి కూడా తక్కువే. "మెట్లెక్కితే ఆయాసం, అయినా పరిగెడుతున్నాను కదా" అన్నారు. శాకాహారం, నెలసరి, రెండు పూటలా భోజనం మీద వెంటనే కాఫీ: ఈ మూడూ కలిస్తే ఈ రిపోర్టులో ఆశ్చర్యమేమీ లేదు. ఫిజీషియన్ ఇనుము మాత్రలు, విటమిన్ డి రాశారు. మా వైపు నుంచి చెప్పినవి: మాత్ర నిమ్మరసంతో వేసుకోవాలి, దానికి గంట అటూ ఇటూ కాఫీ, టీ, పాలు, క్యాల్షియం మాత్ర ఉండకూడదు. రిపోర్టు లేకుండా ఇనుము మాత్రలు సొంతంగా వాడటం మంచిది కాదు. ఒంట్లో ఇనుము ఎక్కువగా పేరుకునే జబ్బులూ ఉన్నాయి. పది వారాలకు ఫెరిటిన్ 34కు, హిమోగ్లోబిన్ 12.7కు వచ్చాయి. జులైలో ఆమె పరుగులో కనిపించిన మెరుగులో శిక్షణ వాటా ఎంతో, మాత్రల వాటా ఎంతో విడదీయలేం. మాత్రలదే ఎక్కువని మా అంచనా.

ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించమంటే కుడికాలితో 17 సార్లు, ఎడమకాలితో 11 సార్లు చేయగలిగారు. 20–25 రావాలి. ఒంటికాలి మీద కాస్త కూర్చోబోతే ఎడమ మోకాలు లోపలికి వాలుతోంది. షూ సుమారు 900 కి.మీ. తిరిగినవి, పైగా బొటనవేలు ముందుకు తగులుతోంది. నెలసరి క్రమంగానే వస్తోంది. ఇది తప్పక అడగాల్సిన ప్రశ్న. దూరం పెంచుతూ తిండి పెంచని మహిళల్లో ముందుగా దెబ్బతినేది నెలసరి, ఆ వెనక ఎముకలు.

ఇక డైరీ. నాలుగు రోజుల పరుగులూ 6:45–6:55 పేస్‌లోనే (కిలోమీటరుకు పట్టే నిమిషాలు) ఉన్నాయి, హార్ట్ రేటు 165–172. ఎక్కుడు మీద పరిగెత్తించి చేసిన పరీక్షలో ఆమె గరిష్ఠ హార్ట్ రేటు 187. అంటే "ఈజీ" అనుకున్న ప్రతి పరుగూ నిజానికి టెంపోకు (కష్టపడి వేగంగా చేసే పరుగుకు) దగ్గర్లో సాగుతోంది. అలసట మిగులుతుంది, దమ్ము పెరగదు. ఈజీ పరుగులకు 142 దాటకూడదని గీత గీశాం. పక్కవాళ్లతో రెండు మూడు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగితే అదే ఈజీ. వాచీ లేనివాళ్లకు ఈ కొలత చాలు. ఏప్రిల్‌లో ఆ గీతకు లోబడితే ఆమె పేస్ 8:10కు దిగింది, ఎక్కుళ్లలో నడవాల్సి వచ్చింది. గ్రూపులో అందరూ దాటిపోతుంటే అలా నడవడం కష్టమే, అందుకే మొదటి నెల ఈజీ పరుగులు ఒంటరిగా చేయించాం. మణికట్టు వాచీల గురించి ఒక మాట: చెమట పట్టి పట్టీ వదులైతే అవి గుండెకు బదులు అడుగుల లెక్కను పట్టుకుని 170 చూపిస్తాయి. అనుమానం వస్తే ఛాతీ పట్టీతో సరిచూడాలి.

వారం ఎలా సాగింది

సోమవారం పూర్తి విశ్రాంతి. మంగళవారం 6–8 కి.మీ. ఈజీ. గురువారం ఒక్కరోజే కష్టమైన పని: మొదటి ఆరు వారాలు కేబీఆర్ పార్కు పక్క రోడ్ల ఎక్కుళ్లలో 60 సెకన్ల చొప్పున ఆరు సార్లు, దిగేటప్పుడు నడక; తర్వాత 6:50 పేస్‌లో 10 నిమిషాలు మూడు సార్లు, మధ్యలో 3 నిమిషాల జాగింగ్. శనివారం 5–10 కి.మీ. ఈజీ, ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు). బుధ, శుక్రవారాల్లో ఇంట్లోనే అరగంట బలం వ్యాయామాలు. మోకాలు నిటారుగా ఉంచి, తర్వాత కాస్త వంచి మడమ లేపడం 12 చొప్పున మూడు సెట్లు. 15–20 సెం.మీ. మెట్టు మీద నుంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగడం 8 చొప్పున మూడు. ఒంటికాలి డెడ్‌లిఫ్ట్ (ఒంటికాలి మీద నిలబడి తుంటి దగ్గర ముందుకు వంగి లేవడం), సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్లు నిటారుగా నిలపడం). బరువుకు స్కూలు బ్యాగులో బియ్యం ప్యాకెట్లు పెట్టుకున్నా సరిపోతుంది.

మూడు వారాలు పెంచి నాలుగో వారం పావు వంతు తగ్గించాం. 25 కి.మీ.తో మొదలై 16వ వారానికి 55 కి.మీ.కు చేరారు. ఫుల్‌కు వారానికి 70, 80 ఉండాలని చెప్పేవాళ్లుంటారు. ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు పిల్లలున్న మనిషికి మొదటి ఏడాది ఆ అంకె గాయం తెస్తుందే తప్ప టైము తేదు.

మే నెలలో పరుగు తెల్లవారుజామున 4:45కే మొదలు. ఎండకాలం శిక్షణను శాపంగా చూడనక్కర్లేదు. వేడిలో 10–14 రోజులు వరుసగా తేలికపాటి పరుగు పెడితే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, అదే వేగానికి హార్ట్ రేటు తగ్గుతుంది. ఆగస్టు ఉక్కకు అదే పెట్టుబడి. చీకట్లో పరిగెత్తేవాళ్లకు తలకు లైటు, మెరిసే జాకెట్టు తప్పనిసరి. మన వీధుల్లో ఇంకో సంగతి కుక్కలు. వెంటపడితే పరుగు ఆపి, వాటికేసి తిరిగి నిలబడి, నడుచుకుంటూ దాటాలి. కరిస్తే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. లాంగ్ రన్ పూర్తిచేసి చూద్దామనుకోకూడదు.

ఆరో వారం: ఎడమ ముంగాలు నొప్పి

ఐదో వారంలో ప్లాను 31 కి.మీ. వాచీలో ఉన్నది 42. గ్రూపు ఒక రోజు అదనంగా పరిగెత్తింది, ఆమె కూడా వెళ్లారు. పాత షూ ఇంకా మార్చలేదు. ఆరో వారం మంగళవారం ఎడమ ముంగాలి (మోకాలి కింద ముందువైపు ఎముక) లోపలి అంచున, కింది మూడో వంతులో నొప్పి. మొదటి కిలోమీటరులో ఎక్కువ, ఒళ్లు వేడెక్కాక తక్కువ, పరుగు ఆపాక మళ్లీ మొదలు.

ఇక్కడ తేల్చుకోవాల్సింది ఒకటే: షిన్ స్ప్లింట్సా (ఎముక అంచు వెంట ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి), స్ట్రెస్ ఫ్రాక్చరా (పదేపదే భారం పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు)? వేలితో ఎముక అంచు వెంబడి నొక్కుకుంటూ వెళ్లాలి. ఆమెకు దాదాపు 8 సెం.మీ. పొడవునా నొప్పి పరుచుకుని ఉంది, ఒక్క చోట గుచ్చినట్టు లేదు. ఒంటికాలిపై గెంతితే పెద్దగా లేదు, రాత్రి నిద్రలో లేదు. కాబట్టి షిన్ స్ప్లింట్స్. నొప్పి ఒక్క వేలిమొన అంత చోటే ఉన్నా, గెంతితే కలుక్కుమన్నా, రాత్రిపూట సలిపినా పరుగు అక్కడితో ఆపి ఎంఆర్ఐ చేయించాలి. ఎక్స్‌రే మామూలుగా ఉందని ఊరుకోకూడదు. మొదటి రెండు మూడు వారాలు అందులో పగులు కనిపించకపోవచ్చు. ఇనుము, డి రెండూ తక్కువున్న మనిషి కాబట్టి వారం వారం మళ్లీ నొక్కి చూశాం.

పది రోజులు పరుగు సగానికి తగ్గించి, అదీ నెక్లెస్ రోడ్డు చదును మీదే, మిగతా సమయం సైకిల్ మీద పెట్టాం. నియమం ఇది: పరుగులో నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు ఉదయం మంచం దిగినప్పుడు నిన్నటికంటే ఎక్కువ ఉండకూడదు. రెండిట్లో ఏది తప్పినా ఆ రోజు పరుగు లేదు. మడమ లేపే వ్యాయామం మాత్రం ఆపలేదు, ఎడమకు ఒక సెట్టు ఎక్కువ పెట్టాం. నొప్పి మాత్రలు వద్దన్నాం. వాటితో నొప్పి కప్పుకుపోతే మేం పెట్టిన కొలతకు అర్థమే ఉండదు.

రెండు జతల కొత్త షూ కొనిపించాం. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పరుగు సాక్సు తొడుక్కుని కొలత చూసుకోవాలి. పొడవాటి వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మామూలు చెప్పుల సైజుకంటే ఆమెకు ఒక సైజు పెద్దది సరిపోయింది. జతలు మార్చి మార్చి వాడితే వానలో తడిసినవి ఆరడానికి సమయం దొరుకుతుంది. జులైలో ఇదొక్కటే చాలు రెండో జత ఖర్చును సమర్థించుకోవడానికి. తొమ్మిదో వారానికి అనుకున్న దూరానికి తిరిగొచ్చారు.

13వ వారం: 28 కి.మీ. లాంగ్ రన్‌లో కూలబడటం

ఈ లాంగ్ రన్ పూర్తయింది, కానీ చివరి 5 కి.మీ. నడకే. తలనొప్పి, వికారం, సాయంత్రం దాకా తిండి సయించలేదు. ముందూ వెనకా బరువు చూడటం అలవాటు చేసి ఉన్నాం కాబట్టి అంకెలు చేతిలో ఉన్నాయి. వెళ్లేముందు 62.0, వచ్చాక 60.1. తాగింది 900 మి.లీ. పరుగు 3 గంటల 45 నిమిషాలు. పోయిన బరువు 1.9 కిలోలు, తాగిన 0.9 లీటరు కలిపితే 2.8 లీటర్లు, గంటకు 750 మి.లీ. దగ్గర. తాగింది గంటకు 240. తిన్నదేమో ఒక జెల్ (పరుగులో మింగే చిక్కటి తీపి గుజ్జు ప్యాకెట్టు), నాలుగు ఖర్జూరాలు, అంటే మొత్తం 45 గ్రాముల పిండిపదార్థం.

పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చు. 62 కిలోల మనిషికి ఫుల్ మొత్తానికి 2600 క్యాలరీలు. కండరాల్లో, కాలేయంలో దాచుకునే గ్లైకోజెన్ (పిండిపదార్థం నిల్వ) నుంచి వచ్చేది ఉరామరిగా 1600–2000. మిగతాది కొవ్వు నుంచి రావాలి, లేదా దారిలో తినాలి. వేగం పెరిగినకొద్దీ ఒళ్లు కొవ్వును తక్కువగా, గ్లైకోజెన్‌ను ఎక్కువగా వాడుతుంది. ఆ రోజు మొదటి 15 కి.మీ. ఆమె 7:25లో వెళ్లారు, ప్లాను 8:00. నీళ్లు తక్కువ, తిండి తక్కువ అన్నవి నిజమే. వాటిని బయటపెట్టింది మాత్రం ఆ 35 సెకన్లే.

మార్పులు ఇవి. గంటకు 450–500 మి.లీ. ద్రవం, 15–20 నిమిషాలకోసారి కొద్దికొద్దిగా. పోయినదంతా పూడ్చాలని చూడకూడదు. దాహాన్ని మించి మామూలు నీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది, నాలుగైదు గంటలకు పైగా రోడ్డు మీదుండే నెమ్మది రన్నర్లకే ఈ ముప్పు ఎక్కువ. పరుగు తర్వాత బరువు పెరిగి ఉంటే, వేళ్లు ఉబ్బి తల దిమ్ముగా ఉంటే ఇంకా నీళ్లు తాగించడం ప్రమాదం.

ఉప్పుకు ఓఆర్ఎస్ వాడాం. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీటికి, అందులో 1.7 గ్రాముల సోడియం ఉంటుంది. 200 మి.లీ. సీసాలో లీటరు ప్యాకెట్టు మొత్తం కలిపేసి తాగేవాళ్లను ప్రతి సీజన్లో చూస్తాం. అంత చిక్కటి ద్రావణం పేగుల్లోకి నీటిని లాక్కుని విరేచనాలు తెస్తుంది. ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న పళ్లరసం డబ్బాలు వేరే సరుకు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలా పేరు పెట్టడం ఆపమని ఆదేశించింది. చీటీ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనాలి.

తిండి గంటకు 45 గ్రాముల పిండిపదార్థానికి పెంచాం. 40 నిమిషాలకో జెల్ వేసుకుంటే, ఒక్కోదానిలో 22 గ్రాముల చొప్పున గంటకు 33. మిగతా 12 స్పోర్ట్స్ డ్రింక్ నుంచి. జెల్‌ను నీళ్లతోనే మింగాలి. తీపి డ్రింకుతో కలిపి మింగిన రోజు ఆమెకు కడుపులో తిప్పింది. ఖర్జూరాలు గింజ తీసి వాడొచ్చు కానీ 30 కి.మీ. తర్వాత నోరెండి నమలడం కుదరదు. పల్లీపట్టి ఇంటికొచ్చాక తినే వస్తువు. దానిలోని నూనె పరుగులో త్వరగా అరగదు.

32 కి.మీ. తప్పనిసరా?

రేసుకు ముందు ఒక్కసారైనా 32 చేయాలని ఎవరో ఆమెకు చెప్పారు. 4 గంటల్లో ఫుల్ ముగించేవాళ్లకు 32 కి.మీ. అంటే మూడు గంటల చిల్లర. 8:05 పేస్‌లో అదే దూరం 4 గంటల 19 నిమిషాలు. మూడున్నర గంటలు దాటాక దమ్ముకు కలిసొచ్చేది కొంచెం, కీళ్లూ ఎముకలూ మోసేది చాలా, పైగా తర్వాతి వారం శిక్షణ పోతుంది. అందుకని ఒక్కసారి మాత్రం 30 కి.మీ., 16వ వారంలో, 4 గంటల 2 నిమిషాల్లో. తిండి, బట్టలు, షూ అన్నీ రేసులో వాడబోయేవే. మిగతా రెండు పెద్ద వారాల్లో శనివారం 12, ఆదివారం 24 పెట్టాం. అలసిన కాళ్లతో మొదలుపెట్టడం అలవాటవుతుంది, ఒక్క పూటలో ఒంటి మీద భారం అదుపులో ఉంటుంది.

నిజమైన రిహార్సల్ దూరం కంటే రూటుది. 15వ వారంలో 24 కి.మీ. జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి వైపు చేయించాం. ఎక్కుడులో పేస్ చూడొద్దు, ఊపిరి చూడాలి. అడుగులు చిన్నవి చేయాలి. దిగుడులో వెనక్కి వాలి మడమలతో బ్రేకు వేయకూడదు, చీలమండ నుంచి కాస్త ముందుకు వాలి అడుగులు దగ్గరగా పడాలి.

టేపర్, చివరి రెండు రోజులు

టేపర్ అంటే రేసుకు ముందు దూరం తగ్గించుకుంటూ రావడం: వారానికి 55 కి.మీ. నుంచి 40కి, 30కి, రేసు వారంలో 14కు. దూరం తగ్గింది కానీ గురువారం వేగపు పని కొద్దికొద్దిగా ఉంచాం, లేదంటే కాళ్లు మొద్దుబారినట్టుంటాయి. బలం వ్యాయామాలు పది రోజుల ముందు ఆపేశాం. ఈ వారాల్లో ఎక్కడెక్కడి నొప్పులో కొత్తగా పుట్టుకొస్తాయి. చాలావరకు అవే పోతాయి. కొత్త మసాజ్, రేసు ముందు జరిగే ఎక్స్‌పోలో (ప్రదర్శనలో) కొన్న కొత్త షూ, కొత్త జెల్ దగ్గరికి రానివ్వకూడదు.

చివరి రెండు రోజులు కిలో బరువుకు 8 గ్రాముల లెక్కన రోజుకు 500 గ్రాముల పిండిపదార్థం తినాలి. "బాగా తిను" అంటే చాలామంది నూనె, నెయ్యి పెంచుతారు. రోజు మొత్తానికి ఆమె తిన్నది: ఆరు ఇడ్లీలు, 150 గ్రాముల బియ్యంతో వండిన అన్నం రెండు పూటలా, మూడు అరటిపళ్లు, అర లీటరు పళ్లరసం, 50 గ్రాముల అటుకులు, 50 గ్రాముల బెల్లం. పప్పు, ఆకుకూరలు, పచ్చి కూరలు శనివారం బంద్. ఆ రాత్రి గోంగూర, బిర్యానీ తిన్నవాళ్లకు తెల్లారి టాయిలెట్ క్యూలో పని పడుతుంది. పెరుగన్నం ఆమెకు పడుతుందని ముందే తెలుసు కాబట్టి రాత్రి ఏడింటికి అదే. బరువు కాస్త పెరుగుతుంది. గ్లైకోజెన్ నీటిని పట్టి ఉంచుతుంది, కంగారు అక్కర్లేదు.

రేసు

స్టార్టుకు మూడు గంటల ముందు నిద్రలేచి, పంచదారతో మూడు ఇడ్లీలు, అరటిపండు, కాఫీ. చంకలు, తొడల లోపల, బ్రా అంచుల వెంట వాజలిన్. కాలిగోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించారు. వాన పడొచ్చని టోపీ. బెల్టులో ఆరు జెల్స్, దారిలో నిలబడిన భర్త దగ్గర మూడు.

హార్ట్ రేటు హాఫ్ దాకా 158, 32 కి.మీ. దాకా 165 మించకూడదు. తర్వాత చేతిలో ఉన్నది ఖర్చుపెట్టుకోవచ్చు. 9 నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. అమెరికన్ రన్నర్, కోచ్ జెఫ్ గ్యాలోవే ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని అలిశాక మొదలుపెడితే లాభం లేదు, మొదటి పది నిమిషాల నుంచే పాటించాలి. 5 గంటల పేసర్ బస్సు (ఆ టైముకు తగ్గ వేగంతో నడిపించే రన్నరు, ఆ వెంట పరిగెత్తే గుంపు) మొదటి కిలోమీటరులోనే ఆమెను దాటిపోయింది. వదిలేయమని ముందే చెప్పి ఉంచాం.

10 కి.మీ. 1:17లో, హాఫ్ 2:42లో. ఉక్క ఎక్కువగా ఉంది, హార్ట్ రేటు 156 దగ్గరే తచ్చాడుతోంది. 30 కి.మీ. 3:53లో. 31 దాటాక ఒక ఎక్కుడు మీద ఎడమ పిక్క పట్టేసింది. ఎడమ! ఏప్రిల్‌లో 11 మడమ లేపులు చేసిన కాలు. 17వ వారానికి 19కు వచ్చింది, కుడి మాత్రం 24. పిక్క పట్టేస్తే చుట్టుపక్కలవాళ్లు ఉప్పు, పులుపు అంటారు. ఉప్పు తగ్గితే పట్టేసేది ఒంట్లో ఎక్కడైనా కావాలి. ఎక్కువ పనిచేసి అలసిన కండే, అందునా బలహీనమైన వైపే పట్టేస్తుంటే కారణం చాలావరకు అలసట. గోడకు ఆనుకుని 40 సెకన్లు పిక్క సాగదీసి, 300 మీటర్లు నడిచి, 3 నిమిషాల పరుగు–ఒక నిమిషం నడకకు మారారు. 35 కి.మీ. 4:36లో. ఆ ఐదు కిలోమీటర్లు 8:36 పేస్. చివరి 7.2 కి.మీ. 8:04కు తిరిగొచ్చింది. గచ్చిబౌలి స్టేడియంలోకి 5 గంటల 34 నిమిషాలకు చేరారు. రెండో సగం మొదటిదానికంటే పది నిమిషాలే ఎక్కువ; ఆ ఉక్కలో, ఆ రూటులో, మొదటిసారి పరిగెత్తేవాళ్లకు అది మంచి పంపకం. బరువు 62.4 నుంచి 60.9కి, అంటే 2.4 శాతం తగ్గింది.

తర్వాత

గీత దాటగానే కూర్చోకుండా 15 నిమిషాలు నడిపించాం. అకస్మాత్తుగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. ఉప్పున్న తిండి, ద్రవం సాయంత్రం దాకా కొద్దికొద్దిగా. నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి ఆ రోజు, మర్నాడు వేసుకోవద్దన్నాం. నీరు తగ్గిన కిడ్నీల మీద అవి దెబ్బ తీస్తాయి. మూత్రం కాఫీ రంగులో వచ్చినా, 8 గంటలకు పైగా రాకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. ఆమెకు అవేవీ లేవు. ఎడమ రెండో కాలిగోరు నల్లబడింది, నొప్పి లేదు కాబట్టి ముట్టుకోలేదు.

పది రోజులు పరుగు లేదు. నాలుగో రోజు నుంచి నడక, పదకొండో రోజు 20 నిమిషాల ఈజీ. ముంగాలు నొక్కి చూశాం, బాగానే ఉంది. ఫెరిటిన్ పరీక్ష మాత్రం ఆరు వారాలకు పెట్టాం. రేసు తర్వాత ఒంట్లో వాపు వల్ల ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి మాత్రలు ఆపేసే ప్రమాదముంది.

మూడో వారంలోనే జనవరిలో జరిగే ముంబై మారథాన్ ఫుల్‌కు వెళ్తానన్నారు. చేతిలో 17 వారాలు, అందులో మొదటి నాలుగు కోలుకోవడానికే పోతాయి. అక్కడ హాఫ్‌కు పేరివ్వమన్నాం. ఎడమకాలి మడమ లేపులు 24కు, ఫెరిటిన్ 40 పైకి వస్తే తర్వాతి ఆగస్టు ఫుల్ ప్లాను ఏప్రిల్‌లో మళ్లీ రాస్తాం.